సుగ్గికి పోయిన ఊళ్లు

కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం, పంట ఇల్లు చేరిన సంబరం. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో మాత్రం ఆ మాటకు ఇల్లు వదిలిపోవడమని అర్థం. కోసిగిలోనో పెద్దకడుబూరులోనో తాళం వేసిన తలుపు చూసి ఈ ఇంటివాళ్లేరీ అని అడిగితే, పక్కింటి అరుగు మీది అవ్వ "సుగ్గికి పోయినారు" అంటుంది. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండేవి. ఇక్కడి తెలుగులో కన్నడం కలిసి ఉండటం అందుకే. కానీ సొంత పంట పండుగ పేరు, మూడు వందల కిలోమీటర్ల అవతల మరొకరి పంట కోసే బతుక్కి పేరైపోయింది చూడండి, అది నన్ను చాలా కాలంగా బాధపెడుతోంది.

దీపావళి దాటాక కదలిక మొదలవుతుంది. రాత్రిపూట వీధి చివర లారీయో, ఐచర్ వ్యానో ఆగుతుంది. బియ్యం మూట, జొన్నపిండి, వంట గిన్నెలు, గుడారానికి పరదా పట్ట, దుప్పట్లు, చంటిబిడ్డ ఉయ్యాలకు పాత చీర. ఇవి ఎక్కించాక మనుషులు ఎక్కుతారు. ఇంట్లో ముసలివాళ్లు ఉంటే తాళంచెవి వాళ్ల చేతికి, లేకపోతే కొంగుముడిలోకి. కొందరు పత్తి తీతకు తెలంగాణ వైపు, కొందరు కట్టడాల పనికి బెంగళూరుకు పోతారు. ఎక్కువ మంది మాత్రం గుంటూరు, పల్నాడు మిరప చేలకే. తిరిగి వచ్చేది ఉగాదికి.

వీళ్లను వలస కూలీలు అని రాసేస్తాం. ఆ మాటలో సగం నిజం పోతుంది. ఈ లారీలు ఎక్కేవాళ్లలో సెంటు భూమి లేనివాళ్లు ఉన్నారు, నిజమే. కానీ రెండెకరాలు, నాలుగెకరాల మెట్ట ఉన్నవాళ్లూ తక్కువేమీ కాదు. జూన్‌లో వాన పడితే పత్తి, వేరుశనగ, ఉల్లి వేస్తారు. కార్తీకం వచ్చేసరికి చేతికొచ్చింది తీసుకుని, లేదా అప్పు లెక్క చూసుకుని బయలుదేరతారు. ఆరు నెలలు రైతు, ఆరు నెలలు కూలి, మనిషి ఒక్కడే. మన చట్టాలు, దస్తావేజులు, ఫోన్లలోకి వచ్చిన కొత్త లెక్కలు ఆ మనిషిని రెండుగా కోసి ఏదో ఒక ముక్కనే చూస్తున్నాయి. ఈ కష్టం పాతది. దాన్ని చూడలేకపోతున్న లెక్కలు మాత్రం ఏటా కొత్తవి వస్తున్నాయి.

సొంత చేనే ఏడాదంతా ఎందుకు పని పెట్టదంటే, నీళ్లు. తుంగభద్ర దిగువ కాలువ ఈ సీమకు ఆధారం. అది హొసపేట దగ్గరి డ్యాం నుంచి మన సరిహద్దు చేరేసరికి సుమారు 250 కిలోమీటర్లు కర్ణాటకలోనే నడుస్తుంది. దారిలో ఎంతమంది తోడుకుంటారో, చివరి ఊళ్లకు ఎంత మిగులుతుందో చెప్పనక్కర్లేదు. 2024 ఆగస్టులో డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఇక్కడ ప్రతి ఊళ్లోనూ అదే మాట. వానపంట ఒక్కటే అయితే సంక్రాంతికి ముందే చేను ఖాళీ. ఆ ఒక్క పంటకూ ధర ఉండాలి కదా. 2025లో ఉల్లి ధర ఎంతగా పడిపోయిందంటే ప్రభుత్వమే క్వింటా 1,200 రూపాయలకు కొనాల్సి వచ్చింది, తరువాత హెక్టారుకు 50,000 సాయం ప్రకటించాల్సి వచ్చింది.

అటు గుంటూరు, పల్నాడు వైపు చూడండి. వరికి కోత మిషన్లు వచ్చాయి. వారాల తరబడి సాగే పని గంటల్లో తెమిలిపోతోంది. మిరపకు అలాంటిది నిలవలేదు. కాయ ఒక్కసారే పండదు, మూడు నాలుగు కోతలు కోయాలి. పండింది తెంపి పచ్చిది వదలాలి, కొమ్మ విరగకూడదు. కల్లంలో ఆరాక తాలు కాయ ఏరి టిక్కీ బస్తాల్లో తొక్కాలి. పత్తి కూడా అంతే, విడతలు విడతలుగా పగులుతుంది. ఇంకా మనిషి చేయి తప్పనిసరైన పంటలు ఇవి. అందుకే పడమటి కర్నూలు చేతులకు అంత గిరాకీ. ఫిబ్రవరి ఎండలో రోజంతా కాయ కోసిన చేతి మంట కడిగితే పోదు. ఆ చేత్తో కన్ను తుడుచుకోకూడదు, బిడ్డను ఎత్తుకుంటే బిడ్డ ఏడుస్తుంది. పాలిచ్చే తల్లులు ఈ పనిలో పడే బాధ ఏ కూలి రేటులోనూ లెక్కకు రాదు.

పని ఇచ్చే మిరప రైతు కోటీశ్వరుడు అనుకోవద్దు. అతనూ చాలాచోట్ల కౌలుదారే. 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రం రావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి, అది అందరికీ దొరకదు. 2021లో నల్ల తామర పురుగు తోటలు ఊడ్చేసింది. 2025 మొదట్లో ధర కూలిపోయి, కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలతో మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. ధర పడితే ఆఖరి కోత కోయించడం దండగ అనుకుంటాడు రైతు. అప్పుడు సుగ్గికి పోయినవాళ్లు అనుకున్నదానికంటే ముందే, అనుకున్నదానికంటే తక్కువ చేతబట్టుకుని తిరిగి రావాలి. ఒక చిన్న రైతు నష్టం ఇంకో చిన్న రైతు కూలిలో కోత అవుతోంది.

ఈ ఇద్దరినీ కలిపేది మేస్త్రి. ఎవరి ఇంట్లో ఎన్ని చేతులున్నాయి, ఎవరికి ఎంత అడ్వాన్సు ఇచ్చాం, ఏ రైతు తోట ఎప్పుడు కోతకు వస్తుంది, అంతా అతని ఫోన్లో, అతని నోటు పుస్తకంలో ఉంటుంది. తూకం అతను రాసిందే, కోత పెట్టింది అతనే. మేస్త్రిని దుర్మార్గుడిగా చూపించడం నాకు ఇష్టం లేదు. చాలామంది అదే ఊరివాళ్లు, ఒకప్పుడు కాయ కోసినవాళ్లే. జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకుపోయేదీ అతనే. కానీ ఇన్ని వేల కుటుంబాల శ్రమకు ఉన్న ఏకైక రికార్డు ఆ నోటు పుస్తకం. దారిలో లారీ బోల్తాపడితే అందులో ఎందరున్నారో పోలీసులకు చెప్పడానికి కూడా వేరే కాగితం లేదు.

చట్టం లేదా అంటే ఉండేది. 1979లో వచ్చి 2025 నవంబరు దాకా నడిచిన వలస కార్మికుల చట్టం రాష్ట్రం సరిహద్దు దాటినవాళ్ల కోసం. తుంగభద్ర దాటి గద్వాల వైపు పోతే, 2014 తరువాత అది వేరే రాష్ట్రం. రాష్ట్రం ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చి పల్నాడులో గుడారం వేసుకుంటే మాత్రం, ఆ చట్టం కంటికి వీళ్లు వలస పోలేదు.

ఉపాధి హామీ ఈ ఊళ్లకు ఆశ చూపించింది. 2006 ఫిబ్రవరిలో దేశంలో ఆ పథకం మొదలైంది పక్క జిల్లా అనంతపురం బండ్లపల్లిలోనే. ఏడాదికి వంద రోజులు. మన రాష్ట్రంలో 2025-26కు రోజు కూలి 307 రూపాయలు, అదీ కొలత ప్రకారం. గట్టి నేలలో గుంత తవ్విన గుంపుకు పూర్తి రేటు పడటం అరుదు. 2023 జనవరి నుంచి రోజుకు రెండుసార్లు పనిచోట ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. 2024 జనవరి నుంచి ఆధార్‌తో ముడిపడిన ఖాతాకే డబ్బు. దొంగ మస్టర్లు ఆపడానికే ఇదంతా, ఆ అవసరాన్ని కాదనను. కానీ సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే పోయేది చెమటోడ్చినవాడి రోజు. డబ్బు ఎప్పుడు పడుతుందో తెలియని పని ఒకవైపు, ముందే అడ్వాన్సు చేతిలో పెట్టే మేస్త్రి ఇంకోవైపు. అప్పున్నవాడు ఎటు పోతాడు?

రైతు ముక్కకూ ఇదే గతి. పంట నమోదుకు వేలిముద్ర వేయాలి. మిరప, పత్తి కోసి అరిగిన వేళ్లను మిషన్ గుర్తుపట్టదు. 2025 నుంచి భారత పత్తి సంస్థకు (సీసీఐ) అమ్మాలంటే 'కపాస్ కిసాన్' యాప్‌లో నమోదై రోజు బుక్ చేసుకోవాలి. తేమ 12 శాతం దాటకూడదు. ఆ రోజుకు రైతు పల్నాడులో కాయ కోస్తుంటాడు. అందుకే పోయేముందే పత్తిని దొరికిన ధరకు ఊరి వ్యాపారికి వేసి పోతాడు. ఒక్క రేషన్ బియ్యం మాత్రం ఎక్కడున్నా తీసుకునేలా చేశారు. మనిషి వెంట లెక్క నడవగలదనడానికి అదే సాక్ష్యం.

అలాగే మేస్త్రులను నమోదు చేసి, ఎవరు ఎవరి తోటకు పోయారో రెండు పంచాయతీల్లోనూ రాయించవచ్చు. గుడారాలున్న ఊరి అంగన్‌వాడీలో ఆ బిడ్డలకు కోడిగుడ్డు ఇవ్వవచ్చు. పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి, కానీ నవంబరులోనే తెరవాలి, లారీ కదిలాక కాదు. చెల్లిని ఎత్తుకోవడానికి వెంట పోయిన పదేళ్ల పిల్ల ఉగాదికి తిరిగొచ్చేసరికి బడిలో ఆమె పాఠాలు సగం దాటిపోతాయి. అలా రెండేళ్లు పోతే మూడో ఏడు ఆ పిల్ల కూడా కాయ కోస్తుంది.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో కొత్త చట్టం చేసింది. 125 రోజుల పని అంటోంది. విత్తనాలు, కోతల రోజుల్లో రైతులకు కూలీలు దొరికేలా 60 రోజులు పనులు ఆపాలని కూడా అంటోంది. ఏ రోజులన్నది రాష్ట్రం ప్రకటించాలి, ప్రాంతాన్ని బట్టి వేరువేరుగా ప్రకటించే వీలుంది. ఎవరి కోతల కాలం చూసి ప్రకటిస్తారు? ఫిబ్రవరి గుంటూరుకు కోత కాలం. కోసిగికి అదే నెలలో చేను బీడు, ఊళ్లో పని లేదు. గుంటూరు అవసరం చూసి కోసిగిలో పని ఆపితే, ఇంటిపట్టున ఉండాలనుకున్న కొద్దిమందినీ మనమే లారీ ఎక్కించినట్టవుతుంది.

ఉగాదికి తాళాలు తీస్తారు. అరుగులు అలుకుతారు, అప్పులవాళ్లు వస్తారు, బాకీలు కొట్టేస్తారు. మొదటి వానకు నేల దున్ని పత్తి విత్తనాల కోసం ఆదోని పోతారు. విత్తనాలకు చేతిలో మిగిలింది చాలదు. అప్పుడు మేస్త్రి ఇంటికి వస్తాడు, వచ్చే దీపావళికి అడ్వాన్సు పట్టుకుని.