బైక్ గ్రిప్పులు మనమే మార్చుకుందాం

పోయిన ఎపిసోడ్‌లో హ్యాండిల్ గ్రిప్పుల గురించి పది నిమిషాలు మాట్లాడానో లేదో, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు వరసపెట్టి వచ్చాయి. "అన్నా, ఇంటాంటే మంచిగనే ఉన్నది గని, బండి ముంగట కూసున్నంక ఏది ముందు, ఏది ఎనక యాదికుంటలేదు" అన్నాడు జగిత్యాల తమ్ముడొకడు. నిజమే, చేతులకి జిగురు అంటుకున్నాక ఫోన్ ముట్టుకుని ఎపిసోడ్ వెనక్కి జరపలేం కదా. అందుకే వరసగా ఇక్కడ రాసి పెడుతున్నా. ఒకసారి మొత్తం చదువుకుని మొదలుపెట్టండి.

ఇంత చిన్నదానికి ఇంత కథ ఎందుకు?

నేను దుబాయ్‌లో డెలివరీ బైక్ నడిపిన రెండో ఏడాది ఆగస్టులో జరిగింది ఇది. ఎండకి కుడి గ్రిప్ మెత్తబడి, బంక తేలి, లోపల జారడం మొదలుపెట్టింది. గ్రిప్ తిరుగుతోంది గానీ బండి కదలట్లేదు. కొత్తది కొనడం ఎందుకులే అని రూమ్‌లో ఉన్న చెప్పుల జిగురు తెచ్చి లోపలికి పిండేశాను. బాగా అంటుకుంది, కాదనను. మరీ ఎక్కువ అంటుకుంది. అంచు దాటి కారిన జిగురు స్విచ్చుల డబ్బాకి, యాక్సిలరేటర్ గొట్టానికి మధ్య గట్టిపడింది. రౌండ్అబౌట్ దగ్గర చెయ్యి వదులు చేస్తే రేజు తగ్గలేదు. బండి వెళ్లి ఫుట్‌పాత్ అంచుకి కొట్టుకుంది. అరచెయ్యి చీరుకుపోయింది. పదకొండు రోజులు బండి ఎక్కలేదు. మనకి ఆర్డర్ కొడితేనే పైసలు. ఆ నెల ఇంటికి పంపింది సగమే. పాతిక దిర్హాములు మిగుల్చుకుందామని చేసిన పని అది.

ఒక్కటి గుర్తు పెట్టుకోండి: ఎప్పుడైనా రేజు ఇరుక్కుంటే ముందు క్లచ్ పూర్తిగా పట్టండి, ఎర్రటి ఇంజన్ ఆఫ్ స్విచ్ నొక్కండి, బ్రేక్ వేస్తూ పక్కకి తీయండి. ఆ రోజు నేను భయంతో గ్రిప్ తిప్పుతూ కూర్చున్నాను.

ఎప్పుడు మార్చాలి

గ్రిప్‌ని రెండు వైపులకీ మెలిపెట్టి చూడండి. కొంచెం తిరిగినా మార్చే టైమ్ వచ్చినట్టే. చేతికి నల్లటి బంక అంటుకోవడం, పగుళ్లు, గీతలు అరిగి నున్నగా కావడం కూడా అంతే. కొందరు గుడ్డ చుడతారు, సైకిల్ ట్యూబ్ ముక్క తొడుగుతారు. ఎడమ వైపు అయితే ఏదో గడిచిపోతుంది గానీ కుడి వైపు ఆ గుడ్డ అంచు స్విచ్చుల డబ్బాలో ఇరుక్కుంటే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది. మెరవాలని కారు డ్యాష్‌బోర్డ్ పాలిష్ రాసేవాళ్లూ ఉన్నారు. అది రాస్తే చెయ్యి జారుతుంది, వద్దు.

ఏది కొనాలి

మనం నడిపే చాలా బళ్లకి హ్యాండిల్ రాడ్డు మందం 22 మిల్లీమీటర్లు. కుడి వైపు ఆ రాడ్డు మీద ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది కాబట్టి అక్కడ మందం దాదాపు 25. అందుకే జతలో రెండు గ్రిప్పులూ ఒకేలా ఉండవు. లోపలి రంధ్రం పెద్దగా ఉన్నది కుడిది. షాపులోనే రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. పాత గ్రిప్ పొడవు కొలిచి వెళ్లండి. పొడవు ఎక్కువైతే స్విచ్చులకి ఒరుసుకుంటుంది.

కొన్ని బళ్లకి కుడి గ్రిప్, గొట్టం కలిపి ఒకే పీస్‌గా వస్తాయి. అలాంటప్పుడు గొట్టంతో సహా కంపెనీ పార్ట్ కొనడమే మేలు. కేబుల్ విప్పి తగిలించే పని ఉంటుంది కాబట్టి, మొదటిసారి అయితే మెకానిక్ దగ్గర చేయించుకోండి.

ఇక రకాలు. ఫోమ్ గ్రిప్ చేతికి హాయిగా ఉంటుంది గానీ చెమట పీల్చుకుంటుంది, తొందరగా చిరుగుతుంది. జెల్ గ్రిప్ అదురు తగ్గిస్తుంది, అయితే మందంగా ఉంటుంది. చిన్న చేతులున్నవాళ్లకి రోజంతా మందపాటిది పట్టుకుంటే మణికట్టు లాగుతుంది. అల్యూమినియం బిగింపు ఉన్నవి జారవు గానీ ఎండలో నిలబెట్టిన బండి మీద ఆ లోహం కాలుతుంది. పది పన్నెండు గంటలు నడిపేవాళ్లకి నా సలహా, ఒక మాదిరి మెత్తదనం ఉన్న మామూలు రబ్బరు గ్రిప్, దాని మీద గ్లవ్స్.

బండి కంపెనీదైతే సూపర్‌వైజర్‌కి ముందు ఒక మెసేజ్ పెట్టండి. మార్చక ముందు ఒక ఫోటో, మార్చాక ఒక ఫోటో తీసుకోండి. పాత గ్రిప్పులు, బిల్లు దాచండి. రేపు ఎవరైనా "నువ్వే పాడు చేశావ్" అంటే చూపించడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

పాతవి తీయడం

సాయంత్రం, రెండో రోజు సెలవున్నప్పుడు మొదలుపెట్టండి. జిగురు ఆరాలి కాబట్టి ఇది ముఖ్యం.

చివర బరువు బిళ్లలు ఉంటే ముందు వాటి స్క్రూ విప్పండి. గట్టిగా ఉంటుంది. సరైన సైజు స్క్రూడ్రైవర్ వాడకపోతే తల అరిగిపోతుంది. తర్వాత బ్లేడుతో గ్రిప్‌ని పొడవునా కోసి ఒలిచేయండి. బ్లేడు మన వైపు కాకుండా బయటికి లాగాలి. ఎడమ వైపు లోపల ఇనుము, భయం లేదు. కుడి వైపు లోపల ప్లాస్టిక్ గొట్టం, లోతుగా కోస్తే అది చీలుతుంది. కాబట్టి పైపైన, రెండు మూడు సార్లు గీయండి.

పాత జిగురు మొత్తం గీకేసి, ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడవండి. చేతులకి రాసుకునే శానిటైజర్ జెల్ వాడొద్దు, అందులో ఉండే గ్లిసరిన్ జారుడు పొరలా మిగిలిపోతుంది. పెట్రోలు అసలే వద్దు. రబ్బరుని పాడు చేస్తుంది, పైగా రూమ్ దగ్గర పెట్రోలు గిన్నె పెట్టుకుని కూర్చోవడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

కొత్తవి ఎక్కించడం

ముందు జిగురు లేకుండా ఒకసారి పెట్టి, గీతలు, బొడిపెలు చేతికి ఎటు రావాలో చూసుకోండి. గ్రిప్ మరీ గట్టిగా ఉంటే వేడి నీళ్లలో కొన్ని నిమిషాలు ఉంచి, లోపల బాగా తుడవండి.

గ్రిప్పుల కోసమే అమ్మే జిగురు దొరికితే అదే వాడండి. రాడ్డు మీద పలచగా రాసి, మెలితిప్పుతూ ఒకే ఊపులో లోపలికి తోయాలి. మధ్యలో ఆగితే అక్కడే పట్టేస్తుంది. అది దొరకనప్పుడు చాలామంది తల వెంట్రుకలకి కొట్టే హెయిర్ స్ప్రే వాడతారు. తడిగా ఉన్నప్పుడు జారుతుంది, ఆరాక పట్టుకుంటుంది. కానీ ఎండలో దాని పట్టు జిగురంత నిలవదు, తరచూ మెలిపెట్టి చూసుకోవాలి. సబ్బు నీళ్లు, నూనె, గ్రీజు కుడి వైపు ఎప్పటికీ వద్దు. సూపర్ గ్లూ కూడా వద్దు.

కుడి గ్రిప్‌కీ స్విచ్చుల డబ్బాకీ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. ఏటీఎం కార్డు అంచు దూరేంత చాలు. చివరన బరువు బిళ్ల కూడా గ్రిప్‌ని నొక్కకూడదు. కారిన జిగురు వెంటనే తుడిచేయండి. తర్వాత ఒక రోజంతా బండి కదపకుండా వదిలేయండి. జిగురు డబ్బా మీద రాసిన టైమ్ ఇంకా ఎక్కువ ఉంటే అదే లెక్క.

రోడ్డెక్కే ముందు

ఇంజన్ ఆపి, కుడి గ్రిప్ పూర్తిగా తిప్పి వదలండి. టక్కున వెనక్కి రావాలి. హ్యాండిల్‌ని ఎడమ చివరకి తిప్పి ఒకసారి, కుడి చివరకి తిప్పి ఒకసారి అలాగే చూడండి. తర్వాత న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పినప్పుడు రేజు దానంతట అదే పెరుగుతోందేమో చూడండి. పెరిగితే కేబుల్ ఎక్కడో లాగుతోంది, ఆ బండితో బయటికి వెళ్లొద్దు.

ఒక ఆఖరి మాట

కొందరు చేతులు తిమ్మిరెక్కుతున్నాయని గ్రిప్పులు మారుస్తామంటున్నారు. అదురు కొంత తగ్గుతుంది, నిజమే. కానీ బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు రాత్రిళ్లు జివ్వుమని నిద్ర లేపుతున్నా, లేదా ఉంగరం వేలు, చిటికెన వేలు మొద్దుబారుతున్నా, అది నరం నొక్కుకుపోతున్న గుర్తు కావచ్చు. ఇన్సూరెన్స్ కార్డు జేబులో పెట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. "సెలవుకి ఇంటికి పోయినంక చూపించుకుంట" అని ఏడాది వాయిదా వేసిన కరీంనగర్ అన్న ఇప్పుడు చొక్కా గుండీ పెట్టుకోవడానికే తిప్పలు పడుతున్నాడు.

వచ్చే ఎపిసోడ్‌లో చైన్ గురించి మాట్లాడుకుందాం. ఈలోపు గ్రిప్పులు మార్చినవాళ్లు ఫోటో పంపండి. ఆ ఏటీఎం కార్డు ఖాళీ కనిపించేలా తీయండి, నేను చూసి చెప్తా.