కక్కు అంచా, నున్నని అంచా?

జేబుకత్తి కొనబోవువారికి అంగడివాడు రెండు రకములు చూపును. ఒకదాని అంచు నున్నగా నుండును; రెండవదానికి కొడవలివలె కక్కులుండును. కక్కులున్నదే వాడియైనదని పలువురి తలంపు. ఈ తగవు తీర్చుటకు చిత్తూరు, తిరుపతి సీమల రైతు ఇంటి చూరు చాలును. కక్కు కొడవలియు, మచ్చుకత్తియు అచ్చట ప్రక్కప్రక్కనే చెక్కియుండును.

వరి, రాగి కోతలకు కక్కు కొడవలి తగినది. కాడ నున్నగా జారుచుండును. పైగా ఇసుకలో నుండు సిలికాయే దానిలోను ఉండుటచే అంచు త్వరగా అరుగును. కక్కుల మొనలు కాడను జారనీయక పట్టును. చేతి బలమంతయు ఆ సన్నని మొనలపైననే పడును. మొనలు కొంత అరిగినను నడిమి పల్లముల వాడి నిలుచును. పశ్చిమాసియాలో పదివేల ఏండ్లకు పూర్వమే ఎముక పిడిలో చెకుముకి పలుకులను వరుసగా పొదిగి కొడవళ్లు చేసికొనిరి.

చెరకునకు ఇది పనికిరాదు. తీపి అడుగు కణుపులలోనే హెచ్చు గనుక నేలమట్టమునకు నున్నని కత్తితో నరుకవలెను. జానెడు మోడు విడిచిన, బెల్లమును పొలముననే విడిచినట్లు. మోడు చీలినచో కార్శి తోటకును చేటు.

మామిడి అంటు సంగతి ఇంకను సున్నితమైనది. రెండు కొమ్మల బెరడు క్రింది పచ్చని పొరలు ఒకదానినొకటి తాకినగాని అంటు పట్టదు. కక్కులు ఆ పొరను చీల్చి నారలు లేపును, అంటు ఎండిపోవును.

ఇక జేబుకత్తి. కొబ్బరితాడు, గోనెపట్టా, రొట్టె కోయువారికి కక్కు మేలు. పండు తొక్క తీయుటకు, పెన్సిలు చెక్కుటకు, అంటు కట్టుటకు నున్నని అంచే కావలెను. సగము కక్కు, సగము నునుపు గల కత్తులును గలవు. కాని అంత పొట్టి అలుగులో రెండింటికిని చోటు చాలదని నా అభిప్రాయము.

అసలు చిక్కు సాన దగ్గర వచ్చును. నున్నని అంచును ఇంటి సానరాతిపైననే పదును పెట్టుకొనవచ్చును. కక్కుల పల్లములకు సన్నని గుండ్రని ఆకురాయి కావలెను, ఓర్పు కావలెను. కొడవలికైనచో కమ్మరి కక్కు కొట్టియిచ్చును గాని, నేడు ఊరూర కొలిమి లేదు. మొద్దుబారిన కత్తిని బలముగా నొక్కవలసి వచ్చును; అది జారినచో తెగునది వ్రేలే. కావున ఒక్క కత్తియే కొనువారు నున్నని అంచుగలది కొందురుగాక. దానిని రాతిపై నిటారుగా నిలుపక, సుమారు 20 డిగ్రీల వాలున రెండు వైపుల సమముగా నూరవలెను. మామిడి, నిమ్మ పులుపు తగిలిన ఉక్కు కత్తిని వెంటనే కడిగి, తడి తుడిచి మడువవలెను.