వీధికి పదిశాతం... మరి గది ఎవరికి?

*బ్రిటన్‌లో షేరింగ్ ఇళ్లకు కౌన్సిళ్లు గీసిన గీత మన విద్యార్థులకూ తగులుతోంది*

సోఫా ఉండాల్సిన ముందు హాల్లో మంచం. వంటింట్లో ఒకటే ఫ్రిజ్, అరకొక పేరు. రాత్రి ఎనిమిదైతే స్టవ్ దగ్గర వంతులు. చదువుకని బ్రిటన్ వెళ్లిన మన పిల్లల్లో చాలామంది దిగేది ఇలాంటి ఇంట్లోనే. అక్కడ దీన్ని ‘హెచ్ఎంఓ’ అంటారు. ఒకే కుటుంబం కాని ముగ్గురు, ఆపైన మనుషులు వంటిల్లో బాత్రూమో పంచుకునే ఇల్లన్నమాట. ఇల్లు తనదే అయినా, ఇంగ్లండ్‌లోని చాలా ఊళ్లలో ఓనరు ఇష్టమొచ్చినట్టు దాన్ని షేరింగ్‌కి ఇవ్వలేడు. స్థానిక పాలక సంస్థ, అంటే కౌన్సిల్, ఒప్పుకోవాలి.

వంద మీటర్ల లెక్క

ముగ్గురి నుంచి ఆరుగురి దాకా ఉండే ఇళ్లను 2010 ఏప్రిల్‌లో ‘సీ4’ అని విడదీసి, మామూలు ఇంటిని అలా మార్చాలంటే ప్లానింగ్ అనుమతి ఉండాలన్నారు. మేలో ప్రభుత్వం మారింది. అక్టోబరులో ఆ షరతు ఎత్తేశారు. కాకపోతే, కావాలనుకున్న కౌన్సిల్ ‘ఆర్టికల్ 4’ ఉత్తర్వుతో దాన్ని తన పరిధిలో మళ్లీ పెట్టుకోవచ్చు. మాంచెస్టర్, లీడ్స్, నాటింగ్‌హామ్, ఆక్స్‌ఫర్డ్ అలాగే చేశాయి. 2020 జూన్‌లో బర్మింగ్‌హామ్ ఊరంతటికీ పెట్టింది.

బర్మింగ్‌హామ్ లెక్క ఇదీ: దరఖాస్తు చేసిన ఇంటి చుట్టూ 100 మీటర్ల మేర ఉన్న ఇళ్లలో షేరింగ్‌వి 10 శాతం దాటకూడదు. 80 ఇళ్లుంటే ఎనిమిదింటి వరకే. రెండు షేరింగ్ ఇళ్ల మధ్య ఒక కాపురం ఇరుక్కుపోకూడదన్న షరతూ ఉంది. ఉత్తర్వుకు ముందే నడుస్తున్న ఇళ్ల జోలికి మాత్రం రారు.

స్థానికుల గోడు కొట్టిపారేసేది కాదు. కాలిబాట నిండా చెత్తడబ్బాలు, అర్ధరాత్రి గోల, సెలవులొస్తే బోసిపోయే వీధి ఎవరికి నచ్చుతాయి? కానీ పదిశాతం గీత కొత్తగా ఒక్క గదినీ కట్టదు. హాస్టళ్లు కట్టకుండా గీతలు మాత్రమే గీస్తే గది కోసం తిరిగేవాళ్లు తగ్గరు, ఇరుక్కుని ఉండటం అలవాటు చేసుకుంటారు.

అనుమతి వేరు, లైసెన్సు వేరు

ప్లానింగ్ అనుమతి వీధి బాగు చూస్తుంది. అద్దెకున్నవాళ్ల బాగు చూసేది లైసెన్సు. వేర్వేరు కుటుంబాలవాళ్లు ఐదుగురు, ఆపైన ఉంటే అది తప్పనిసరి. కొన్ని కౌన్సిళ్లు ముగ్గురున్నా అడుగుతాయి. ఇలా లైసెన్సున్న ఇంట్లో ఒకరు పడుకునే గది కనీసం 6.51 చదరపు మీటర్లు, అంటే దాదాపు 70 చదరపు అడుగులుండాలి. ఇద్దరికైతే 10.22 చదరపు మీటర్లు. లైసెన్సు తీసుకోకుండా నడిపితే, కట్టిన అద్దె వెనక్కిప్పించమని ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు.

అందుకే, అమీర్‌పేటలో ఉన్నా విజయవాడలో ఉన్నా, వాట్సాప్‌లో ఫొటో చూసి అడ్వాన్సు పంపేముందు ఆ కౌన్సిల్ లైసెన్సు జాబితాలో ఇంటి చిరునామా వెతకండి. డిపాజిట్ మామూలుగా ఐదు వారాల అద్దె మించకూడదు. దాన్ని 30 రోజుల్లో గుర్తింపు పొందిన స్కీములో జమచేయాల్సింది ఓనరే. ఆ రుజువు అడిగి తీసుకోండి.