కేప్ రాత్‌లో కోపం లేదు!

ఈ ఎపిసోడ్ సారీతో మొదలుపెట్టాలి. స్కాట్లాండ్ మీద చేసిన పాత వీడియోలో "కేప్ రాత్ అంటే కోపాల కొన, అక్కడ సముద్రం అంత భయంకరంగా ఉంటుంది కాబట్టి ఆ పేరు" అని ఫుల్ కాన్ఫిడెన్స్‌తో చెప్పేశా. తప్పు. చూసినవాళ్ళలో ఒకన్న మెసేజ్ పెట్టాడు, "తమ్ముడూ, అది అసలు ఇంగ్లీషు మాటే కాదు" అని. కూర్చుని చదివితే నిజమే.

ఫోన్‌లో మ్యాప్ తెరిచి స్కాట్లాండ్ నేల మీద పైన ఎడమ మూలకి వెళ్ళండి. అక్కడుందే డర్నెస్ పారిష్. పారిష్ అంటే ఒక చర్చి కింద లెక్కేసే ఊళ్ళ గుంపు. సుమారు 9వ శతాబ్దం నుంచి ఈ తీరానికి నార్స్ జనం వచ్చారు, మనం సిరీస్‌లలో చూసే వైకింగ్‌లు. వాళ్ళ భాషలో "హ్వార్ఫ్" అంటే మలుపు. తూర్పు నుంచి తీరం వెంబడి వచ్చిన పడవ ఇక్కడే దక్షిణానికి తిరగాలి. అంటే అది డ్రైవర్లు చెప్పుకునే "టర్నింగ్" లాంటి పేరు, అంతే! దాన్ని గేలిక్ వాళ్ళు "పార్వ్" అన్నారు, ఇంగ్లీషు వాళ్ళ చెవికి "రాత్" అయింది. ఒక సిస్టమ్‌లోని టెక్స్ట్‌ని ఇంకో సిస్టమ్‌లో తెరిస్తే అక్షరాలు చెడిపోతాయి చూడండి, సేమ్ బగ్.

ఇంకో తమాషా. డర్నెస్ ఉన్న ప్రాంతం పేరు సదర్లాండ్, అంటే దక్షిణ దేశం. స్కాట్లాండ్‌కి ఉత్తరపు చివర ఉన్నది దక్షిణం ఎలా అయింది? పేరు పెట్టినవాళ్ళు ఇంకా పైన, ఆర్క్‌నీ దీవుల నుంచి చూశారు కాబట్టి. పేరు వింటే ఊరు ఎక్కడుందో కాదు, పెట్టినవాడు ఎక్కడ నిలబడ్డాడో తెలుస్తుంది.

ఒక్కోసారి ఒకే పేరులో రెండు భాషలుంటాయి. సాంగోమోర్, సాంగోబెగ్ తీసుకోండి. "సాంగో" నార్స్ మాట, ఇసుక ఉన్న సన్నటి సముద్రపు పాయ. "మోర్" గేలిక్‌లో పెద్ద, "బెగ్" చిన్న. మన పెద్దాపురం, చిన్నాపురం టైపు అనమాట. స్మూ గుహ పేరు కూడా నార్స్‌దే, దూరి వెళ్ళే కన్నం అని. కానీ గుహ నోరే సుమారు 15 మీటర్ల ఎత్తు, దూరాల్సిన పనేం లేదు. బాల్నకీల్ మాత్రం పూర్తి గేలిక్: చర్చి పల్లె. గేలిక్ కవి రాబ్ డాన్‌ని పూడ్చింది అక్కడే, 1778లో.

మరి ఈ స్పెల్లింగులు ఎవరు ఖాయం చేశారు? 1870లలో ప్రభుత్వ సర్వేవాళ్ళు వచ్చి "నేమ్ బుక్స్" రాశారు. అవి ఇప్పుడు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఉన్నాయి, ఒకసారి చూడండి. ప్రతి పేరుకీ రకరకాల స్పెల్లింగులు, పక్కనే "ఎవరు చెప్పారు" అనే కాలమ్. అందులో ఎక్కువగా పాస్టర్లు, బడి పంతుళ్ళు, ఎస్టేట్ మనుషులే. మన కడపని ఇంగ్లీషులో "కుడ్డపా" అని రాసి, 2005 దాకా అలాగే నడిపించారు కదా, ఇదీ అదే కథ.

ఆ కాలమ్ దగ్గరే నేను ఆగిపోయా. ఎందుకంటే సర్వేవాళ్ళు వచ్చేసరికి, చెప్పాల్సినవాళ్ళలో చాలామంది ఊళ్ళలో లేరు. డర్నెస్‌కి తూర్పున క్యానబిన్ అని ఒక పల్లె ఉండేది. గేలిక్‌లో కొండ చివర అని అర్థం. 1841లో ఇళ్ళు ఖాళీ చేయమని అధికారి నోటీసు తెచ్చాడు. మగాళ్ళు పనులకి వెళ్ళారు, ఆడవాళ్ళే అడ్డుపడి ఆ కాగితాలు తగలబెట్టించారు. పెద్ద గొడవైంది. అయినా మరుసటి ఏడాదికి పల్లె ఖాళీ.

ఇప్పుడు మ్యాప్‌లో క్యానబిన్ అని కొడితే బీచ్ వస్తుంది. తెల్లటి ఇసుక, పచ్చటి నీళ్ళు, రీల్స్‌కి సూపర్ స్పాట్. రోడ్డు దాటి కొండవైపు నాలుగడుగులు వేస్తే గడ్డిలో ఇళ్ళ పునాది రాళ్ళు కనిపిస్తాయి.