రెండో ప్రతి ఉన్నదా?

మన పెద్దల ఇళ్ళలో భోషాణం ఒకటి ఉండేది. భూముల దస్తావేజులూ, పిల్లల జాతకాలూ, బామ్మగారి కాసులపేరూ, తాతగారికి కాశీనుంచి వచ్చిన ఉత్తరాలూ అన్నీ అందులోనే. ఇవాళ కాసులపేరు బ్యాంకు లాకరుకు పోయింది గాని, మిగతా సరంజామా యావత్తూ కంప్యూటరులోకి చేరింది. అమ్మాయి పెళ్ళి ఫొటోలు, ఇంటి రిజిస్ట్రేషను కాగితాల నకళ్ళు, ఆదాయపు పన్ను లెక్కలు, అబ్బాయి మార్కుల జాబితాలు, డల్లాస్‌లో ఉన్న మనుమడు తొలి అడుగులు వేసిన వీడియో, అన్నిటికీ ఒక్కటే మకాం.

భోషాణానికీ దీనికీ ఒక పెద్ద తేడా ఉన్నది సుమండీ. భోషాణం పాతబడితే కీచుమంటుంది. చెద పడితే పొడి రాలుతుంది. పోయేముందు నాలుగేళ్ళపాటు చెప్పి మరీ పోతుంది. కంప్యూటరు డిస్కుకు ఆ మర్యాద లేదు. రాత్రి చక్కగా పనిచేసి, తెల్లవారి మీట నొక్కేసరికి మూగనోము పట్టి కూర్చున్నదీ అంటే అంతే సంగతులు.

ఎందుకలా జరుగుతుందో కొంచెం లోపలికి చూస్తే బోధపడుతుంది. హార్డ్ డిస్కు అనేది గిర్రున తిరిగే పళ్ళెం. నిమిషానికి 5400 చుట్లు, కొన్నింట్లో 7200. దానిమీద చదివే ముల్లు ఒకటి. గ్రామఫోను ముల్లు రికార్డును తాకుతుంది; ఇది తాకదు. వెంట్రుక మందంలో వెయ్యో వంతుకన్నా తక్కువ ఎత్తులో గాలిమీద తేలుతూ ఉంటుంది. బల్లమీదనుంచి కింద పడ్డా, నడుస్తూ ఉండగా కరెంటు పదేపదే పోయినా, ఆ ముల్లు పళ్ళాన్ని గీరే ప్రమాదం ఉన్నది. 1956లో ఐ.బి.ఎం. కంపెనీ వారు మొట్టమొదట ఇటువంటి డిస్కు యంత్రాన్ని బయటపెట్టినప్పుడు అందులో 24 అంగుళాల పళ్ళాలు 50 ఉండేవి. బీరువాలను మించిన ఆ యంత్రంలో పట్టేవి 50 లక్షల అక్షరాలు. ఇవాళ మీ సెల్‌ఫోను తీసే ఒక్క ఫొటో దరిదాపు అంత చోటు తింటుంది! కొత్త ల్యాప్‌టాపుల్లో పళ్ళెమూ లేదు, ముల్లూ లేదు, అంతా చిప్పులే. దెబ్బలకు అవి తట్టుకుంటాయి. కాని చెడినప్పుడు అందులోనుంచి బయటికి లాగడం పళ్ళెం డిస్కుకన్నా కష్టం.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ యంత్రాల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. తాళపత్రాల చరిత్ర చదివినవాడికి ఇది కొత్త గొడవ కాదు. తాటాకు మన ఎండకూ తేమకూ చెదకూ ఎంతకాలమని నిలుస్తుంది? రాయసకాళ్ళు పాత ఆకు శిథిలం కాకముందే కొత్త ఆకుమీద ప్రతి రాస్తూ వచ్చారు గనకనే ఇవాళ మనకు భారతం ఉన్నది. బ్రౌను దొరగారు కడపలో సొంత ఖర్చుమీద పండితులను పెట్టుకొని, ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పోల్చి చూసి శుద్ధప్రతులు రాయించారు. నన్నెచోడుడి కుమారసంభవం తంజావూరు గ్రంథాలయంలో దాగి ఉండి, మానవల్లి రామకృష్ణకవిగారి కంట పడబట్టి 1909లో అచ్చయింది. అది అదృష్టం. ప్రతి లేక మాసిపోయిన కావ్యాల పేర్లు మాత్రం లక్షణ గ్రంథాల్లో ఇంకా చదువుకుంటూనే ఉన్నాం. అంచేత, దీన్ని లోకం 'బ్యాకప్' అంటే అననివ్వండి, నాకు 'ప్రతి' అన్నమాటే చాలు.

మా కళాశాలలో లెక్కల మాస్టారు ఒకరున్నారు. వారి తల్లిగారు మంగళహారతులూ, మేలుకొలుపులూ చక్కగా పాడేవారట. ఆమె చివరి రోజుల్లో, వంటింట్లో పీట వేసుకొని కూరలు తరుగుతూ పాడుతూ ఉండగా ఆయన సెల్‌ఫోనులో రికార్డు చేశారు. మధ్యలో కుక్కరు కూత, "నీళ్ళొచ్చాయిరా, పంపు కట్టు" అనే కేక, అన్నీ ఉన్నాయి అందులో. ఫోనులో చోటు చాలక ల్యాప్‌టాపులోకి ఎక్కించి, ఫోనులోనివి చెరిపేశారు. ఆమె కాలం చేసిన ఏడాదికి ల్యాప్‌టాపు చెడిపోయింది. బాగుచేసేవాళ్ళు చాలా వేలు పుచ్చుకొని ఫొటోలు కొన్ని తెచ్చి ఇచ్చారు. పాటలు రాలేదు. పాట సాహిత్యం పుస్తకాల్లో దొరుకుతుంది. ఆ గొంతు ఎక్కడ తెచ్చుకుంటారు?

మరి ప్రతి తీసుకోవడానికి ఏం అడ్డం? బద్ధకం. డిస్కు తెచ్చి, తీగ తగిలించి, గంటసేపు కూర్చోవాలంటే ఎవరూ వారం వారం చేయరు. మనిషి చేయని పనిని యంత్రానికి అప్పగించడం మేలు. అందుకు వచ్చినదే తీగ లేని ఏర్పాటు.

ఇంటర్నెట్ కోసం ఇంట్లో రౌటరు పెట్టించుకున్నవారికి సగం పని అయిపోయినట్లే. రౌటరు అంటే ఇంటిలోపలి తపాలా కచేరీ అనుకోండి. నాన్నగారి ల్యాప్‌టాపునుంచి వచ్చిన ఉత్తరాన్ని అమ్మాయి ఫోనుకో, హాల్లో ఉన్న టెలివిజనుకో, బయటి ప్రపంచానికో చేరవేస్తుంది. ఈ రేడియో భాషకు 1997లో నిబంధనలు ఏర్పడ్డాయి. 1999లో వేగం పెరిగింది, వైఫై అన్న పేరూ వచ్చింది. మన దేశంలో దీనికి వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు 2005 జనవరిలో లైసెన్సు అక్కరలేకుండా చేశారు. ఆ తపాలా కచేరీకి ఒక గిడ్డంగి తగిలిస్తే చాలు, ఇంటిల్లిపాది ప్రతులూ అక్కడికే వచ్చి చేరుతాయి.

2008లో ఆపిల్ కంపెనీవారు 'టైమ్ క్యాప్సూల్' అని రౌటరూ డిస్కూ కలిపి ఒకే పెట్టెలో అమ్మారు. కాలపేటిక అనవచ్చు, పేరు ముచ్చటగానే ఉన్నది. ఇంట్లో ఉన్న ఆ కంపెనీ కంప్యూటర్లన్నీ గంటకోసారి, అడగకుండానే, మారిన ఫైళ్ళను గాలిలో దానికి పంపేవి. గడచిన 24 గంటలకు గంటకొకటి, గడచిన నెలకు రోజుకొకటి, అంతకు ముందువాటికి వారానికొకటి చొప్పున పాత ప్రతులు నిలిచేవి. నిన్న మధ్యాహ్నం చెడగొట్టిన ఉత్తరం మొన్న ఎలా ఉన్నదో తీసి చూడవచ్చునన్నమాట. 2018లో ఆ పెట్టె తయారీ ఆపేశారు. పద్ధతి మాత్రం పోలేదు. ఇవాళ అదే పని రెండు విధాల చేయించవచ్చు. రౌటరు వెనక యు.ఎస్.బి. రంధ్రం ఉంటే దానికి మామూలు డిస్కు తగిలించడం ఒకటి. చవక, కాని నెమ్మది. నెట్‌వర్కు కోసమే తయారైన చిన్న డిస్కు పెట్టె, ఎన్.ఎ.ఎస్. అని దుకాణాల్లో పిలిచేది, కొనడం మరొకటి. దీనికి ఖర్చు ఎక్కువ, ఫోనుల్లోని ఫొటోలు కూడా తనంతట తాను తీసుకుంటుంది. విండోస్ కంప్యూటర్లలో 'ఫైల్ హిస్టరీ' అన్న సదుపాయానికి ఆ పెట్టె చిరునామా ఒక్కసారి చూపిస్తే, దరిమిలా అదే చూసుకుంటుంది. మధ్యతరగతి సంసారానికి మొదటి విధమే చాలునని నా అభిప్రాయం. మిగిలిన డబ్బుతో ఇంకో డిస్కు కొనండి; ఎందుకో తరవాత చెబుతాను.

మొదటి ప్రతిని మాత్రం గాలిలో పంపబోకండి. అట్టపెట్టెమీద 300 అని రాసి ఉంటుంది, అది మెగాబిట్ల లెక్క. 8 బిట్లు ఒక బైటు గనక 37 మెగాబైట్లకు దిగుతుంది. గోడలూ దూరమూ అందులో ఇంచుమించు సగం మింగుతాయి. సెకనుకు 20 మెగాబైట్లు దక్కిందనుకుందాం. 500 గిగాబైట్ల సామాను చేరడానికి 7 గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే గోవిందా. డిస్కు పెట్టె, రౌటరూ, కంప్యూటరూ గిగాబిట్ తరగతివైతే, తీగతో కలిపినప్పుడు అదే పని గంటంబావు. రౌటరుకు తగిలించిన డిస్కయితే, మొదటిసారి విప్పి తెచ్చి కంప్యూటరుకే తగిలించి నింపడం సుళువు. ఒక్కసారి ఇల్లు మారేటప్పుడు లారీ కావాలి. ఆ తరవాత రోజూ వచ్చే కూరగాయలకు చేతిసంచీ చాలదా? రోజువారీ మార్పులు కొద్దే గనక వాటికి గాలిదారి హాయిగా సరిపోతుంది.

రౌటరును ఇనప బీరువా వెనక దాచేవారు కొందరున్నారు, అందానికి. రేడియో తరంగాలకు ఇనుమూ, నీళ్ళూ శత్రువులు. ఇంటి మధ్యలో, మనిషెత్తున ఉంచాలి. 2.4 తరంగాలు రెండు గోడలు దాటి పోతాయిగాని, ఇరుగుపొరుగు రౌటర్లన్నిటితోనూ, వంటింటి మైక్రోవేవ్ పొయ్యితోనూ తగువు పడాలి. 5 గిగాహెర్ట్జ్‌వి వేగమైనవి, ఒక్క మందపాటి గోడకే నీరసిస్తాయి. రౌటరూ డిస్కూ రెండూ ఇన్వర్టరు మీద ఉండటం అవసరం. కొన్నప్పటి పాస్‌వర్డు వెంటనే మార్చండి. పక్కింటివారికి వైఫై ఇవ్వవలసివస్తే 'అతిథుల' పేరున వేరే దారి ఇచ్చే సదుపాయం చాలా రౌటర్లలో ఉన్నది. మొహమాటానికి పోయి భోషాణం గదిలో మంచం వెయ్యకూడదు కదా!

దుకాణదారుడు "రెండు డిస్కుల పెట్టె తీసుకోండి సార్, ఒకటి పోయినా రెండోదాంట్లో అంతా ఉంటుంది" అంటాడు. నిజమే, డిస్కు చెడడంవరకు. కాని ఆ రెండోది అద్దంలో బొమ్మ. మీరు నొసట బొట్టు చెరుపుకుంటే అద్దంలోనూ ఆ క్షణమే చెరిగిపోతుంది. చిన్నవాడు ఆటలో ఫొటోల సంచీ మొత్తం చెరిపాడంటే రెండు డిస్కుల్లోనూ చెరిపినట్లే. అద్దం వేరు, ప్రతి వేరు. ఫోనులో ఒకచోట చెరిపితే అన్నిచోట్లా చెరిగే ఇంటర్నెట్ ఖాతాల సంగతీ ఇంతే.

2017 మేలో 'వానక్రై' అనే దొంగ ప్రోగ్రాము లోకమంతా పాకింది. కంప్యూటరులోని ఫైళ్ళకు తాళం వేసి, డబ్బిస్తేగాని తీయనన్నది. బ్రిటనులో ఆస్పత్రులు అల్లాడాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అది ఒక యంత్రంనుంచి ఇంకో యంత్రానికి నెట్‌వర్కు దారినే నడిచింది. అంటే, ఎప్పుడూ కలిపే ఉన్న డిస్కుకు కూడా అటువంటి దొంగ తాళం వెయ్యగలడు. ఇందాక కొనమన్న రెండో డిస్కు ఇందుకే. నెలకోసారి దాన్ని తగిలించి, ప్రతి తీసి, విప్పి, వేరే ఇంట్లో పెట్టాలి.

వేరే ఇల్లు ఎందుకంటారా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతాలు మునిగినప్పుడు, కింది వాటాల్లో బీరువా, కంప్యూటరు, దాని పక్కనే డిస్కు, అన్నీ ఒక్క నీటిలోనే ఉంటే ఏ ప్రతి మిగులుతుంది? అక్కగారి ఇంట్లో మేడమీద ఒక డిస్కు, ఆమెది మీ ఇంట్లో ఒకటి. వియ్యాలవారితో అయినా ఈ మారకం పెట్టుకోవచ్చు. పీటర్ క్రోగ్ అనే అమెరికా ఛాయాగ్రాహకుడు చెప్పిన లెక్క ప్రచారంలో ఉన్నది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలమీద, ఒకటి వేరే చోట.

ఇంటి ప్రతి విలువకు ఒక సినిమా కథ ఉన్నది. 1998లో పిక్సార్ కంపెనీ 'టాయ్ స్టోరీ 2' తీస్తూ ఉండగా, ఎవరో పొరపాటున ఇచ్చిన ఆజ్ఞతో బొమ్మలన్నీ వరుసగా చెరిగిపోసాగాయి. ప్రతుల ఏర్పాటు ఉన్నదిగాని, అది సరిగా పనిచేయడం లేదని అప్పుడు బయటపడ్డది! గాలిన్ సస్మన్ అనే ఆవిడ పసిబిడ్డ కారణంగా ఇంటివద్దనుంచి పనిచేస్తూ ఉండేది. ఆమె ఇంటి కంప్యూటరులో ఉన్న ప్రతిని దుప్పట్లలో చుట్టి, కారులో పసిపాపలాగా ఆఫీసుకు తీసుకువచ్చారు. మరుసటి ఏడు సినిమా విడుదలయింది.

ఇంటర్నెట్ గిడ్డంగులు ఉన్నాయి కదా అంటే, మూడో ప్రతికి అవి బాగానే ఉంటాయి. మొదటి ప్రతికి వాటిని నమ్ముకోకండి. గూగుల్‌వారు ఫొటోలను ఉచితంగా ఎన్నయినా దాచిపెట్టి, 2021 జూన్ 1నుంచి వచ్చే వాటిని 15 గిగాబైట్ల జాగాలో లెక్కకట్టడం మొదలుపెట్టారు. దాచిపెట్టేవాడి షరతులు దాచుకునేవాడి చేతిలో ఉండవు.

ఇక ఆడవారికి ఒక మాట. చాలా ఇళ్ళలో ఈ వ్యవహారమంతా ఒక్క మగవాడికే తెలుసు. పాస్‌వర్డులు ఆయన నోట్లోనే ఉంటాయి. ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు బీమా కాగితం కావలసివస్తే ఇంటిల్లిపాదీ ఆ పెట్టె చుట్టూ నిలబడి చూడవలసిందే. ఒక ఆదివారం కూర్చోబెట్టి, "ఈ ల్యాప్‌టాపు చెడిందనుకోండి, పోయినేటి పెళ్ళి ఫొటో ఒకటి డిస్కులోనుంచి నాచేతనే తీయించండి" అని అడగండి. ఆయన తీయడం కాదు, మీరు తీయాలి. తెరుచుకుంటే ఏర్పాటు బాగున్నట్లు. రౌటరు పాస్‌వర్డు, డిస్కు పాస్‌వర్డు, రెండో డిస్కు ఎవరి ఇంట్లో ఉన్నదీ ఒక కాగితంమీద రాయించి, తేదీ వేయించి, కాసులపేరు ఉన్న లాకరులోనే పెట్టండి. పాస్‌వర్డు మార్చిన రోజున పాత కాగితం చించి కొత్తది పెట్టాలి.