ఫ్లైవీలు తరిగితే కిక్ రాడ్ తన్నుతుంది

"బుల్లెట్ ఫ్లైవీలుని మన వర్క్‌షాపు లేతు మీద కాస్త తరిగించుకుంటే బండి బాణంలా పోతుందటగా, నిజమేనా అన్నా?" అని ఎవరో ఒక జూనియరు నన్ను అడుగుతూనే ఉంటాడు. మెకానికల్ ఫైనలియరు వాణ్ణి, పైగా మా పెదనాన్నగారి పాత 350 బుల్లెట్‌ని అట్టిపెట్టుకున్నవాణ్ణి గనుక నాకు తెలిసి ఉంటుందని వాళ్ళ నమ్మకం. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు ఈ సంచికలో అందరికీ కలిపి చెప్పేస్తున్నాను. ఇతర శాఖల మిత్రులు కూడా ఓపిక పట్టి చదవాలని మనవి.

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది మొదలు కొన్ని దశాబ్దాల పాటు ఈ ఇంజను మూలస్వరూపం మారలేదు. ఒకటే సిలిండరు, దాని వ్యాసం 70 మి.మీ., పిస్టను నడక 90 మి.మీ., వెరసి 346 సి.సి. నాలుగు స్ట్రోకుల్లో ఒక్కటే శక్తినిస్తుంది. అంటే క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక్కసారే తోపు దొరుకుతుందన్నమాట! మిగిలిన మూడు స్ట్రోకులూ పిస్టనుని ఎవరు లాగాలి? క్రాంకు పిన్నుకి చెరో పక్కా ఉన్న రెండు బరువైన ఇనప చక్రాలు. వాటినే ఫ్లైవీళ్ళంటాం. కుమ్మరి తన సారెను కర్రతో తిప్పి వదిలేస్తాడు కదా, ఆ తరువాత కుండ తయారయ్యేదాకా తిరిగేది సారె బరువుతోనే. ఇక్కడా అంతే.

ఇప్పుడు లేతు సంగతి. మందం సమంగా ఉన్న చక్రం వ్యాసాన్ని పదో వంతు తగ్గించామనుకుందాం. బరువు తగ్గేది 19 శాతమే. కాని జడత్వ భ్రామకం వ్యాసార్ధం నాలుగో ఘాతాన్నిబట్టి పోతుంది గనుక 34 శాతం ఎగిరిపోతుంది! అంచున ఉన్న ఇనుమే అసలు పని చేసే ఇనుము. ఇంత పోగొట్టుకున్నందుకు లాభమేమిటంటే, యాక్సిలరేటరు తిప్పగానే కింది గేర్లలో ఇంజను చురుగ్గా లేస్తుంది. అంతే. హార్స్‌పవర్ వీసమెత్తు పెరగదు, గరిష్ఠ వేగమూ పెరగదు. రేసు ట్రాకు మీద ఆ చురుకుకి విలువ ఉంది, కాదనను. హాస్టలు నుంచి బస్టాండు దాకా వెళ్ళి టీ తాగి వచ్చేవాడికి ఎందుకో నాకు అర్థం కాదు. రాళ్ళల్లో, బురదలో నింపాదిగా పాకుతూ పోవలసిన ట్రయల్స్ పోటీలకు బుల్లెట్ పెట్టింది పేరు. 1952లోనూ, 1957లోనూ జానీ బ్రిటన్ దీనిమీదే స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచాడు. అటువంటి చోట్ల ఇంజను ఆగిపోకుండా కాపాడేది చక్రం బరువే.

చక్రంలో దాగే శక్తి వేగం వర్గాన్నిబట్టి ఉంటుంది. నిమిషానికి 3000 చుట్ల దగ్గర ఉన్న శక్తిలో 800 చుట్ల దగ్గర ఉండేది పద్నాలుగో వంతు. కిక్కు కొట్టేటప్పటి వేగం ఇంకా తక్కువ. కాబట్టి తరిగిన దెబ్బ రోడ్డు మీద కన్నా స్టార్టింగులోనే బాగా తగులుతుంది. అక్కడ అసలే పిసరంత పెట్టుబడి, అందులో మూడో వంతు కోత!

పిస్టను పైకొసకి చేరకముందే స్పార్కు పడుతుంది. అప్పుడు చక్రంలో ఊపు చాలితే పిస్టను కొస దాటి అవతలకి దిగుతుంది. చాలకపోతే మండిన వాయువు దాన్ని వెనక్కి తోస్తుంది. క్రాంకు ఎదురు తిరుగుతుంది, ఆ తిరుగుడు క్లచ్చి మీదుగా, గేరుబాక్సు మీదుగా కిక్ రాడ్‌కి చేరి, తొక్కిన కాలినే ఎదురు తన్నుతుంది. నా మిత్రుడొకడు ఎవరో తరిగించిన బండిని చవకగా కొని, మూడోరోజున మడమ ఎముక విరగ్గొట్టుకుని ఆరువారాలు కట్టుతో పరీక్షలు రాశాడు.

బటన్ స్టార్టు ఉంటే ఫరవాలేదనుకోకండి. ఆ మోడళ్ళలో మోటారుకీ క్రాంకుకీ మధ్య స్ప్రాగ్ క్లచ్చి ఉంటుంది. ఇంజను అంటుకుని మోటారుని మించిపోగానే అది జారి వదిలేస్తుంది. ఇంజను ఎదురు తిరిగితే మాత్రం బిగుసుకుపోయి మొత్తం దెబ్బ తానే తింటుంది. బ్యాటరీ నీరసంగా ఉన్నప్పుడు బటన్ నొక్కి నొక్కి దాన్ని చంపేవాళ్ళే ఎక్కువ. తేలికైన చక్రం దానికి తోడైతే చెప్పనక్కరలేదు.

లేతు దొరకనివాళ్ళు డ్రిల్లుతో బెజ్జాలు వేస్తారు. అది మరీ అన్యాయం. పిస్టను బరువులో కొంత భాగానికి సరితూగేలా చక్రాన్ని మలిచి ఉంటారు. లెక్క లేకుండా తొలిస్తే బండి అదురు హ్యాండిలు దాకా వస్తుంది.

బండి సరిగా స్టార్టు కావడమే మీ బాధ అయితే చక్రం జోలికి పోనక్కరలేదు. వేగంతోపాటు స్పార్కుని ముందుకి జరిపే రెండు చిన్న బరువులుంటాయి, అవి తుప్పుపట్టి ముందుకే అతుక్కున్నాయేమో చూడండి. ఎదురు తన్నుకి అదో పెద్ద కారణం. పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య ఉంచండి. క్లచ్చి జారుతుంటే ముందు దాన్ని బాగుచేయించండి, ఎందుకంటే కాలి బలం ఇంజనుకి చేరేది దాని మీదుగానే. ఆపైన బూటు వేసుకుని (చెప్పులతో వద్దు సుమా), తాళం తిప్పి, కాలికి గట్టిగా తగిలేదాకా కిక్ రాడ్‌ని మెల్లగా దింపండి. డీకంప్రెసర్ నొక్కి పట్టుకుని ఇంకొక్క రవ్వ దింపితే, పాయింట్లున్న పాత బండ్లలో ఆమీటరు ముల్లు మధ్యకి వచ్చి నిలుస్తుంది. డీకంప్రెసర్ వదిలేసి, రాడ్‌ని పూర్తిగా పైకి రానిచ్చి, అప్పుడు ఒక్కటే తొక్కు, అడుగంటా.