అదనులో పని: ట్రిస్టన్ ద కూన్యా దీవి నిర్మాణ పనివేళలు

పనికాలాన్ని సూచించే తెలుగు మాటలలో గంట, పూట కొలతను తెలుపుతాయి. అదను అనుకూలస్థితిని తెలుపుతుంది. నేల పదునెక్కినప్పుడే దున్నాలన్న సేద్యపు ఎరుక ఆ మాటలో ఉంది. దక్షిణ అట్లాంటిక్‌లోని ట్రిస్టన్ ద కూన్యా దీవిలో ఇళ్లు కట్టే పనివేళలను గ్రహించడానికి ఈ మాటే ఎక్కువగా ఉపకరిస్తుంది.

దీవి వైశాల్యం సుమారు 98 చదరపు కిలోమీటర్లు. అందులో అధికభాగం 2,000 మీటర్లకు పైగా లేచిన అగ్నిపర్వతమే. వాయవ్యదిశలోని ఇరుకైన మైదానంలో ఒకే ఊరు, సుమారు 250 మంది జనం. విమానాశ్రయం లేదు. దాదాపు 2,800 కిలోమీటర్ల దూరంలోని కేప్‌టౌన్ నుంచి ఓడ రావడానికి వారం పడుతుంది. వచ్చిన ఓడ కూడా ఒడ్డుకు దూరంగానే లంగరు వేస్తుంది. సిమెంటు, కలప, రేకులు అన్నీ చిన్న పడవలమీద దిగవలసిందే. 1961 నాటి విస్ఫోటనంలో ఊరి పక్కనున్న తీరాన్ని లావా కప్పివేసింది. 1967లో కట్టిన చిన్న రేవే నేటికీ ఆధారం. అలలు పెరిగితే అదీ పనికిరాదు.

కాబట్టి సముద్రం శాంతించిన రోజున తాపీ పట్టిన చేతులే తాడు పట్టాలి. చేపలవేటకు అనువైన ఉదయం ఊళ్లో వేలాడదీసిన లోహపు గంటను మోగిస్తారు. అప్పుడు సగం లేచిన గోడ ఆగిపోతుంది. గడియారంతో చూసేవారికి ఇది సోమరితనంగా తోచవచ్చు. ఆ తీర్పు సరికాదని నా అభిప్రాయం. డిసెంబరులో పగలు పద్నాలుగు గంటలు దాటినా, అలలు పోటెత్తితే ఆ వెలుగంతా రేవుపనికి అక్కరకు రాదు.

పాత ఇళ్లకు స్థానిక శిలతో మందపు గోడలు, న్యూజిలాండ్ నారమొక్క ఆకులతో కప్పు ఉండేవి. గాలి తగ్గిన రోజు ఇరుగుపొరుగు కలిసి కప్పు వేసేవారు. ప్రతిఫలం భోజనం, తిరిగి చేయవలసిన సాయం. మన పల్లెల్లో 'బదులుకు వెళ్లడం' అనేది ఇటువంటిదే. 1937-38లో నార్వే పరిశోధకబృందంతో వచ్చిన సామాజికశాస్త్రవేత్త పీటర్ మంక్ ఈ పరస్పరతను విశేషంగా పరిశీలించాడు. 1942లో యుద్ధకాలపు వాతావరణ, రేడియో కేంద్ర నిర్మాణంతో కూలిపని కూడా దీవికి వచ్చింది.

ఇప్పుడు ఆకుకప్పుల స్థానాన్ని చాలావరకు రేకులు ఆక్రమించాయి. ఆకు దీవిలోనే పెరిగేది. దానికి గాలి తగ్గితే చాలు, పొరుగువాడు వస్తే చాలు. రేకు ఓడలో రావాలి. 2019 జూలై తుపానులో కప్పులు దెబ్బతిన్నప్పుడు, మరమ్మతు సామగ్రికి కేప్‌టౌన్ వైపే చూడవలసివచ్చింది.